ఎర్రర్ కాయినా, ఎవరో పాడుచేసిన నాణెమా? మీరు పంపినవి చూద్దాం

నమస్తే అండీ, శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. పలాస, టెక్కలి, నరసన్నపేట, అటు విజయనగరం నుంచి మీరు పంపిన నాణేలు టేబుల్ మీద పెట్టాను. అందరూ అడిగింది ఒకటే, "గురూ, ఇది ఎర్రర్ కాయినేనా, ఎంతొస్తుంది?" అని. ఎర్రర్ కాయిన్ అంటే టంకశాలలో, అంటే నాణేలు తయారుచేసే చోటే, పొరపాటున తేడాగా వచ్చిన నాణెం. రేటు సంగతి తర్వాత. ఈ తేడా టంకశాలలో మెషిన్ మీద వచ్చే అవకాశం ఉందా లేదా, ముందు అది తేల్చుకోవాలి. లేదంటే బయట ఎవరి చేతిలోనో పాడైనట్టే.

ఈ రూపాయి చూడండి, దగ్గరగా పెడుతున్నాను. అంచులో నెలవంకలా ముక్క లేదు. టంకశాలలో పొడవాటి లోహపు రేకు నుంచి బిళ్ళలు కొడతారు. కజ్జికాయలకి పిండి పరిచి గిన్నెతో కోస్తుంటే, అంతకుముందు కోసిన చోటి మీదికి గిన్నె జరిగితే ఒక పక్క తరుగు వస్తుంది కదా, ఇదీ అంతే. తర్వాత ఆ బిళ్ళని చుట్టూ నొక్కి అంచు లేపుతారు, అప్పుడు ముక్క పోయిన చోట ఒత్తిడి తగలదు కాబట్టి సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న అంచు కూడా చదునుగా మిగిలిపోతుంది. ఇదిగో, ఎదురుగా ఇక్కడ, అంచు దాదాపు లేదు. ఇది అసలైనది, చాలా సంతోషంగా ఉంది దీన్ని చూస్తుంటే. పక్కనున్న రెండోదానికి ఎదుటి అంచు నిండుగా ఉంది, తెగిన చోట ఆకురాయి గీతలు ఉన్నాయి. ఎవరో అరగదీశారు.

గీతల గురించి చాలామంది అడిగారు. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం దూరి నాణెం మీద ఉబ్బెత్తు గీత వస్తుంది, గోటికి తగులుతుంది. లోపలికి దిగిన గీత చాలామటుకు దెబ్బే.

ఇక రెండు రంగుల పది రూపాయలు. మధ్య బిళ్ళ తలకిందులైందని పంపారు. లెన్స్ పెట్టి చూస్తే బిళ్ళకీ చుట్టుకీ మధ్య సందు, ఆ సందు చుట్టూ కొత్త గీతలు. కొట్టి ఊడదీసి, తిప్పి మళ్ళీ బిగించారు. అసలు ముద్ర పడేటప్పుడే ఆ రెండు లోహాలూ గట్టిగా కలిసిపోతాయి, అంత సందు ఉండదు.

నకిలీలకి మాత్రం తూకం, అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. బ్రిటిష్ కాలం వెండి రూపాయి 11.66 గ్రాములు, అయస్కాంతానికి అంటదు. 1947 పులి బొమ్మ రూపాయి మాత్రం నికెల్, అది అంటుకుంటుంది, అంటుకుందని పారేయకండి! పాత మందపాటి అయిదు రూపాయలది 9 గ్రాములు, అంటదు. అంచు చుట్టూ పోత గీత, అంటే లోహం కరిగించి రెండు సగాల అచ్చులో పోస్తే ఆ రెండూ కలిసే చోట మిగిలే గీత, కనిపించినా, ఉపరితలం చిన్న చిన్న గుంటలతో ఉన్నా అనుమానించాల్సిందే.

సీతారాములు, లక్ష్మణుడు, హనుమంతుడు ఉన్న 1818 అర్ధణా ఎంతమంది పంపారో! ఈస్ట్ ఇండియా కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదండీ. దేవుడి గదిలో పెట్టుకోండి, కానీ వేలు పోసి కొనకండి, వైష్ణోదేవి బొమ్మ అయిదు రూపాయలకి లక్షలిస్తామంటే నమ్మకండి. అలా అమ్మిపెడతామని ముందే కమీషన్, ట్యాక్స్ అడిగేవాళ్ళున్నారు. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి కూడా అడుగుతుంటే, 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరిక ఇచ్చింది. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు ఇలా డబ్బు పోగొట్టుకుంటుంటే నాకు నిజంగా బాధేస్తోంది, ఇంట్లో వాళ్ళకి ఈ ఒక్క ముక్క చెప్పండి.

ఈసారి ఫోటో పంపేటప్పుడు బొమ్మ, బొరుసుతో పాటు అంచు కూడా తీయండి, తూకం రాయండి. చింతపండు పెట్టి మాత్రం తోమకండి, తోమితే అసలైనదాని విలువ కూడా పడిపోతుంది.