షెవెల్ 454, ఎఫ్-150: కాగితం మీది గుర్రాలు

[తెర మీద: పక్కపక్కన ఎర్ర షెవెల్, తెల్ల ఎఫ్-150]

ఎడమ వైపున్నది 1970 నాటి షెవర్లే షెవెల్ ఎస్‌ఎస్, అంటే సూపర్ స్పోర్ట్. లోపల ఎల్‌ఎస్6 అనే 7.4 లీటర్ల (454 ఘనపు అంగుళాల) వి8 ఇంజిన్. కుడి వైపు ఇప్పటి ఫోర్డ్ ఎఫ్-150 పికప్, 3.5 లీటర్ల వి6. ఇంజిన్ పరిమాణంలో సగం కూడా లేదు. అయినా టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, రెండింటికీ కాగితం మీద ఒకటే: 500 పౌండ్-అడుగులు, అంటే దాదాపు 678 న్యూటన్ మీటర్లు.

అయితే ఆ కాగితాన్ని నమ్మకండి.

[తెర మీద: పరీక్ష బల్ల మీద ఇంజిన్ బొమ్మ]

షెవెల్‌కు 450 హార్స్‌పవర్ అని ప్రకటించారు. అప్పట్లో అమెరికా కంపెనీలు ఇంజిన్‌ను విడిగా పరీక్ష బల్ల మీద పెట్టి కొలిచేవి. ఎయిర్ ఫిల్టర్ ఉండదు, సైలెన్సర్ ఉండదు, ఆల్టర్నేటర్ తిప్పే భారమూ ఉండదు. అలా వచ్చిన అంకె 'గ్రాస్'. ఇవన్నీ బిగించి కొలిస్తే వచ్చేది 'నెట్'. 1972 మోడళ్ల నుంచి నెట్ లెక్కే ప్రకటిస్తున్నారు. అంతకు ముందు ఏడాది జనరల్ మోటార్స్ రెండు అంకెలూ అచ్చు వేసింది. ఎల్‌ఎస్6 కన్నా ఒక మెట్టు కిందుండే ఎల్‌ఎస్5 చూడండి: గ్రాస్ 365, నెట్ 285. ఇంజిన్ మాత్రం అదే. తగ్గిన ఆ 80 గుర్రాలు ఎటూ పోలేదు, అవి రోడ్డు మీద ఎన్నడూ లేవు.

ఎఫ్-150 చెప్పే 400 హార్స్‌పవర్ నెట్ లెక్కే. ఆ బలం చక్రానికి చేరే తీరు కూడా వేరు. రెండు టర్బోలు గాలిని ఒత్తి లోపలికి పంపుతాయి కాబట్టి చిన్న ఇంజిన్‌లోనూ ఎక్కువ ఇంధనం మండుతుంది. 10 గేర్ల ఆటోమేటిక్ ఆ టర్బోల జోరు తగ్గనివ్వదు. షెవెల్‌కు కార్బ్యురేటర్, మూడు లేదా నాలుగు గేర్లు, 14 అంగుళాల చక్రాలకు ఆనాటి సన్నని టైర్లు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే టైర్లు జారి బలమంతా పొగగా మారుతుంది. చూడటానికి ఎంత బాగుంటుందో చెప్పలేను, కానీ కారు ముందుకు పోదు!

ఫలితం: గంటకు 60 మైళ్లు అందుకోవడానికి షెవెల్‌కు ఆరు సెకన్లు, అటూ ఇటూగా. రెండు టన్నులు దాటే పికప్‌కు ఐదు సెకన్ల పైచిలుకు. పైగా తగిన అమరికతో అది ఆరు టన్నుల ట్రైలర్ లాగుతుంది.

పికప్ నెగ్గడం కొత్తేమీ కాదు. 1978లో డాడ్జ్ 'లిల్ రెడ్ ఎక్స్‌ప్రెస్' అనే ట్రక్కు తెచ్చింది. స్థూల బరువు (సరుకుతో సహా అనుమతించిన బరువు) 6,000 పౌండ్లు దాటిన ట్రక్కులకు అప్పుడు, పొగను శుభ్రం చేస్తూ ఇంజిన్ బలాన్ని కొంత మింగే కెటాలిటిక్ కన్వర్టర్ అక్కర్లేదు. ఆ సందు చూసుకుని, కార్ అండ్ డ్రైవర్ పత్రిక పరీక్షలో 100 మైళ్ల వేగం అందుకోవడంలో అమెరికా కార్లన్నిటినీ దాటేసింది.

మరి ఏది తీసుకోవాలి? రోజూ నడపడానికైతే పికప్, సందేహం లేదు. నా మనసు మాత్రం షెవెల్ మీదే. ఆ ఇంజిన్ మోత స్పీకర్లలోంచి రాదు.

[తెర మీద: ఎస్‌ఎస్ బ్యాడ్జి దగ్గరగా]

షెవెల్ కొనేవారికి ఒక హెచ్చరిక. షెవెల్‌లోనే మామూలు రకమైన మాలిబుకు బ్యాడ్జి అతికించి ఎస్‌ఎస్ అని అమ్మేవారు చాలామంది. 1970 మోడల్‌కు ఛాసిస్ నంబరు చూసి అది ఎస్‌ఎస్ అవునో కాదో తేల్చలేం. ఆ కారులో ఏమేం బిగించారో రాసి ఉండే ఫ్యాక్టరీ బిల్డ్ షీట్ చూపించమనండి. లేదంటే ఆ ధర ఇవ్వకండి.