రిబ్బన్ కత్తిరించాక అడగాల్సిన ప్రశ్నలు

మాధవి: నమస్కారం, హైదరాబాద్ నుంచి ఈ వారం ఎపిసోడ్. యుద్ధం ముగిసిన దేశాల పునర్నిర్మాణం వార్తలు మన పత్రికల డెస్కులకు ఎక్కువగా వార్తా ఏజెన్సీలు పంపే కాపీగానే వస్తాయి. ఎడిషన్ వెళ్లేలోపు అరగంట ఉంటే అదృష్టం. ఆ అరగంటలో ఏం సరిచూసుకోవాలన్నదే ఇవాళ్టి మాట. రఫీ గారూ, ముందు ఏం చూస్తారు?

రఫీ: ముందు డబ్బు ఏ దశలో ఉందో చూడాలండీ. హామీ ఇచ్చారా, బడ్జెట్‌లో కేటాయించారా, కాంట్రాక్టు కుదిరిందా, నిజంగా ఖర్చయిందా? 2018 ఫిబ్రవరిలో ఇరాక్ పునర్నిర్మాణానికి నిధుల కోసం కువైట్‌లో సదస్సు జరిగింది కదా. ఇరాక్ తనకు 8,800 కోట్ల డాలర్లు అవసరమని లెక్క చెప్పింది. వచ్చిన హామీలు 3,000 కోట్లు. అందులోనూ చాలా భాగం అప్పులు, రుణ గ్యారంటీలే. దానికి ‘సాయం’ అని హెడ్డింగ్ పెట్టేస్తే పాఠకుడికి ఉచితంగా వచ్చిన సొమ్ములా కనిపిస్తుంది.

మాధవి: బిలియన్ల దగ్గర కూడా తప్పులు దొర్లుతుంటాయి.

రఫీ: ఎక్కువ తప్పులు అక్కడే. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు. ఒక్క సున్నా అటూ ఇటూ అయితే వార్త మొత్తం తలకిందులవుతుంది. రూపాయల్లోకి మార్చాలనుకుంటే ఆ ఏడాది మారకం రేటు వాడాలి. లేదంటే డాలర్లలోనే వదిలేయడం మేలు.

మాధవి: ఇక అసలు పని సంగతి. పని పూర్తయిందని ఎప్పుడు రాయాలి?

రఫీ: దీనికి కజాకీ ఆనకట్ట కథ ఒక్కటి చాలు. అఫ్గానిస్తాన్‌లో, హెల్మండ్ రాష్ట్రంలో ఉంది. 2008 ఆగస్టు చివర్లో 18 మెగావాట్ల టర్బైన్‌ను ముక్కలు ముక్కలుగా విడదీసి, దాదాపు 100 వాహనాల్లో, కాందహార్ నుంచి బ్రిటిష్ సైన్యం కాపలాతో తరలించారు. దారి పొడవునా పోరాటం. సెప్టెంబర్ మొదట్లో చేరింది. పత్రికల్లో అది పెద్ద విజయం. సైనికుల సాహసం నిజమే, ఆ వార్తలో అబద్ధం లేదు. కానీ టర్బైన్‌ను బిగించాలంటే దాని చుట్టూ కాంక్రీటు పోయాలి. దానికి వందల టన్నుల సిమెంటు రోడ్డు మీదే రావాలి. ఆ రోడ్డు మాత్రం మళ్లీ సురక్షితం కాలేదు. కాంట్రాక్టరు సిబ్బంది వెళ్లిపోయారు. ఆ యూనిట్ తిరగడం మొదలైంది 2016లో!

మాధవి: అంటే ఎనిమిదేళ్లు భాగాలు అక్కడే పడి ఉన్నాయి.

రఫీ: అవును. 2008లో రాసేవాళ్లు ‘దీన్ని బిగించడానికి ఇంకా ఏం రావాలి, అవి ఏ దారిన వస్తాయి’ అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే పాఠకుడికి సగం సంగతి ముందే తెలిసేది.

మాధవి: ఇరాక్ కరెంటు వార్తల్లోనూ అంతేనా?

రఫీ: అక్కడ చిక్కు ఇంకోలా ఉంది. 2003లో అమెరికా దాడికి ముందు ఉత్పత్తి సుమారు 4,000 మెగావాట్లు. తర్వాత అది పెరిగింది, ఆ మాట నిజమే. కానీ బాగ్దాద్‌లో కరెంటు ఉండే గంటలు తగ్గాయి. కారణాలు చూడండి. అంతకుముందు మిగతా రాష్ట్రాల వాటా కోసి రాజధానికి ఇచ్చేవారు. తర్వాత అందరికీ పంచారు. దిగుమతి ఆంక్షలు పోగానే ఏసీలు, ఫ్రిజ్‌లు ఇంటింటికీ వచ్చి డిమాండ్ ఎగబాకింది. గ్యాస్‌తో నడవాల్సిన టర్బైన్లకు గ్యాస్ అందక ముడి చమురు, నాసిరకం ఇంధనం పోశారు. దాంతో ఉత్పత్తి తగ్గింది, మరమ్మతులు పెరిగాయి. అందుకే నేను మూడు అంకెలు వేరు వేరుగా అడుగుతాను: స్థాపిత సామర్థ్యం, అంటే యంత్రాలన్నీ పూర్తిగా నడిస్తే వచ్చే కరెంటు ఎంత, ఈ నెలలో నిజంగా ఉత్పత్తి అయింది ఎంత, ఇంటికి రోజుకు ఎన్ని గంటలు వచ్చింది? ప్రకటనలో ఎప్పుడూ మొదటిదే ఉంటుంది.

మాధవి: నీళ్లు, డ్రైనేజీ పనుల్లో?

రఫీ: ఇంటి కనెక్షన్ అడగండి. ఇరాక్‌లోని ఫల్లూజాలో మురుగునీటి పథకం 2004లో 3 కోట్ల 25 లక్షల డాలర్లతో, 18 నెలల్లో ఊరంతటికీ అన్నారు. 2011 నాటికి 10 కోట్ల డాలర్లు దాటింది, అప్పటికీ ఊరిలో కొంత భాగానికే అందింది. మధ్యలో ఒక దశలో ప్రధాన పైపుల నుంచి ఇంటి దాకా లైను ఎవరికి వారే వేసుకోవాలన్నారు. ఇరాక్ పునర్నిర్మాణంపై అమెరికా నియమించిన ప్రత్యేక తనిఖీ అధికారి నివేదికల్లో ఇదంతా ఉంది. పైపు ఎన్ని కిలోమీటర్లు వేశారన్నది కాంట్రాక్టరు లెక్క. ఎన్ని ఇళ్లు కలిశాయన్నది జనం లెక్క.

మాధవి: హైదరాబాద్‌లో కూర్చుని ఇవన్నీ సరిచూడగలమా?

రఫీ: కొంతవరకు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం. చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు, మబ్బు లేకపోతే సుమారు ఐదు రోజులకోసారి కొత్త చిత్రం. వంతెన, పెద్ద ఆస్పత్రి, చదును చేసిన శిథిలాలు కనిపిస్తాయి. ఇంటి పైకప్పు బాగు చేశారో లేదో కనిపించదు. రాత్రి వెలుగుల చిత్రాలూ ఉన్నాయి. కాకపోతే ప్రైవేటు జనరేటర్ల వెలుగు కూడా అందులో కలిసిపోతుంది కాబట్టి గ్రిడ్ బాగుపడిందని వాటిని చూసి రాయకూడదు. ఉక్రెయిన్ విషయంలో ప్రొజోరో అనే టెండర్ల పోర్టల్, డ్రీమ్ అనే పునర్నిర్మాణ పోర్టల్ ఉన్నాయి. భద్రత దృష్ట్యా కొన్ని వివరాలు దాచినా, ఏ బడికి టెండర్ వేశారు, ఎంతకు కుదిరింది అన్నది చాలా వరకు దొరుకుతుంది.

మాధవి: ఫోటోల గురించి కూడా చెప్పండి. ఇరాక్‌లోని మోసుల్ అనగానే అల్-నూరీ మసీదు ఫోటోనే పెడుతున్నాం.

రఫీ: 2017లో కూల్చిన ఆ మసీదు మినార్‌ను మళ్లీ నిలబెట్టారు, యునెస్కో చేసిన గొప్ప పని అది. ఆ వార్తకు ఆ ఫోటో పెట్టండి. నగరంలో ఇళ్ల సంగతి రాస్తే ఇళ్ల ఫోటో, తీసిన తేదీతో సహా పెట్టాలి.

మాధవి: ఫాలో-అప్ ఎప్పుడు చేయాలి?

రఫీ: పని పూర్తయ్యాక ఆరు నెలలకు ఒకసారి, రెండేళ్లకు ఇంకోసారి. చాలా కాంట్రాక్టుల్లో లోపాలు సరిచేసే బాధ్యత ఏడాదితో అయిపోతుంది. ఆ తర్వాత నడిపే ఖర్చు స్థానిక శాఖ నెత్తిన పడుతుంది. కాబూల్ దగ్గర తరాఖిల్‌లో 33 కోట్ల 50 లక్షల డాలర్లతో 105 మెగావాట్ల డీజిల్ కేంద్రం కట్టారు. ఉజ్బెకిస్తాన్ నుంచి కొనే కరెంటు అంతకంటే చాలా చౌక కావడంతో దాన్ని దాదాపుగా నడపనే లేదు. కాబట్టి రెండేళ్ల తర్వాత వేసే ఫాలో-అప్‌లో ఒక్కో యూనిట్ కరెంటుకు ఖర్చు ఎంత పడుతోంది, ఇంధనానికి, విడిభాగాలకు ఆ శాఖ బడ్జెట్‌లో పద్దు ఉందా అని అడగాలి.