మన పన్నుతో నడిచే బడిలో ప్రపంచ పాఠాలు

అందరికీ నమస్కారం. శనివారం పూట పిల్లల క్లాసులు, ఇంటి పనులు సర్దుకుని ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. నేను ఇక్కడే, నార్త్ టెక్సస్‌లో ఒక ప్రభుత్వ ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. "మా స్కూల్లో కూడా ఐబీ పెట్టిస్తే బాగుంటుంది, పీటీఏ తరఫున డబ్బు పోగు చేద్దామా?" అని మీలో కొందరు నన్ను అడిగారు. ఐబీ అంటే ఇంటర్నేషనల్ బకలారియేట్, చాలా దేశాల బడుల్లో నడిచే ఒక చదువు పద్ధతి. పీటీఏ అంటే బడిలోని తల్లిదండ్రులు, టీచర్ల సంఘం. ఆ కోరిక నాకూ గట్టిగానే ఉంది. అందుకే ఆ డబ్బు అసలు దేనికి కావాలి, ఎవరిని అడగాలి అన్నది ఈ రోజు వివరంగా చెప్తాను.

ఐబీ సంస్థ 1968లో జెనీవాలో మొదలైంది. మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం పెట్టిన ప్రైమరీ ఇయర్స్ ప్రోగ్రామ్, అంటే పీవైపీ, 1997లో వచ్చింది. ఇండియాలో ఐబీ అనగానే లక్షల ఫీజులు గుర్తొస్తాయి. అమెరికాలో మాత్రం ఐబీ స్కూళ్లలో ఎక్కువ భాగం ప్రభుత్వ బడులే. డాలస్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనూ (డిస్ట్రిక్ట్ అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ప్లేనోలోనూ పీవైపీ నడిపిన ఎలిమెంటరీలున్నాయి. అక్కడ చదివినందుకు తల్లిదండ్రులు పైసా కట్టక్కర్లేదు.

చాలామంది పీవైపీ అంటే వేరే సిలబస్ అనుకుంటారు. టెక్సస్‌లో ఏ తరగతిలో ఏం నేర్పాలో రాష్ట్రమే టీక్స్ పేరుతో నిర్ణయించింది. మూడో తరగతి నుంచి రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష ఉండనే ఉంది. పీవైపీ బడిలోనూ అవే పాఠాలు, అదే పరీక్ష. కాకపోతే ఆ పాఠాలను సబ్జెక్టుల వారీగా విడగొట్టకుండా ఆరు పెద్ద అంశాల చుట్టూ అల్లుతారు. ఆఖరి ఏడాదిలో పిల్లలు తమకు పట్టిన ఒక సమస్యను ఎంచుకుని, నెలల తరబడి శోధించి, అందరి ముందూ వివరించాలి.

ఒక ఉదాహరణ చెప్తాను. ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్... ఈ ఊళ్ల కుళాయి నీళ్లలో చాలా భాగం లవోన్ చెరువు నుంచి వస్తుంది. ఒకప్పుడు ఓక్లహోమా సరిహద్దులోని టెక్సోమా చెరువు నీళ్లను కూడా పంపు చేసి లవోన్‌లో కలిపేవారు. 2009లో అది ఆపేయాల్సి వచ్చింది. కారణం వేలి గోరంత ఆల్చిప్ప, జీబ్రా మసెల్. దాని సొంత ఊరు నల్లసముద్రం, కాస్పియన్ సముద్రం దగ్గర. ఓడలు బరువు కోసం అడుగున నింపుకునే నీళ్లలో చేరి, 1980లలో అమెరికా గ్రేట్ లేక్స్‌కి వచ్చింది. అక్కడి నుంచి పడవల అడుగున అంటుకుని చెరువు నుంచి చెరువుకు పాకింది. పైపుల్లో పొరలు పొరలుగా పేరుకుపోయి నీటి దారి మూసేస్తుంది. పిల్ల మసెల్స్ కంటికి కూడా కనిపించవు. చివరికి కోట్ల డాలర్లు పోసి, టెక్సోమా నీళ్లు లవోన్‌ని తాకకుండా తిన్నగా వైలీలోని శుద్ధి కేంద్రానికి చేరేలా వేరే పైపులైను వేశారు. 2014లో అది పూర్తయింది.

అయిదో తరగతి పిల్లలకు నేనిది చెప్పినప్పుడు సైన్సు వచ్చింది, భూగోళం వచ్చింది, ఒక మసెల్ ఒక్క కాలంలో ఎన్ని లక్షల గుడ్లు పెడుతుందో లెక్కకట్టేటప్పుడు గణితం వచ్చింది. ఇంతలో వెనక బల్ల నుంచి ఒక పాప చెయ్యెత్తి, "పైపు డబ్బులు ఓడవాళ్లు కట్టలేదా? మా అమ్మావాళ్లు ఎందుకు కట్టాలి?" అని అడిగింది. ఆ ప్రశ్నతో మిగతా వారమంతా గడిచింది. మీ ఇంటి వాటర్ బిల్లులో నల్లసముద్రం ఉందని పదేళ్ల పిల్లకు తెలియడమే నా దృష్టిలో ప్రపంచ చదువు. బడిలో రకరకాల దేశాల సంస్కృతులు చూపించే ఇంటర్నేషనల్ నైట్‌కి మనం స్టాల్ పెట్టడం, పిల్లలు కూచిపూడి చేయడం నాకూ ఇష్టమే. కానీ అది ఒక్క సాయంత్రం. నేను అడుగుతున్నది ఏడాది పొడవునా సాగే చదువు.

అలాంటి పాఠం ఒక టీచర్ ఒంటరిగా తయారుచేయలేరు. ఆ తరగతి టీచర్లందరూ, లైబ్రేరియన్, ఆర్ట్ టీచర్ కలిసి కూర్చోవాలి. టెక్సస్ చట్టం ప్రకారం టీచరుకు రెండు వారాలకు కనీసం 450 నిమిషాల ప్లానింగ్ టైమ్ ఇవ్వాలి. అంటే రోజుకు ముప్పావుగంట. దిద్దడం, తల్లిదండ్రులకు ఈమెయిళ్లు, రేపటి పాఠం, అన్నీ అందులోనే. కలిసి కూర్చోవడానికి ఇంకో గంట దొరకాలంటే ఆ గంటసేపు పిల్లల్ని చూసుకునే మనిషి కావాలి. ఖర్చంతా అక్కడే ఉంది.

లెక్క చూడండి. ఐబీకి కట్టే వార్షిక రుసుము ఎనిమిది వేల డాలర్ల పైనే. లెక్క సులువుగా ఉండేందుకు 9,000 అనుకుందాం. 600 మంది పిల్లలున్న స్కూల్లో తలకు 15 డాలర్లు. విరాళాల కోసం పిల్లలతో పెట్టే ఒక్క ఫన్ రన్ పరుగుతో పీటీఏ అది సంపాదించేస్తుంది. కానీ పీవైపీకి ఒక కోఆర్డినేటర్ ఉండాలి. ఏడేళ్ల వయసు నుంచి పిల్లలందరికీ ఇంకో భాష నేర్పాలి, దానికో టీచర్ కావాలి. ఇద్దరికీ జీతం, బెనిఫిట్స్ కలిపి లక్షన్నర డాలర్లు వేసుకున్నా, తలకు 250. అదీ ఒక్క ఏడాదికి కాదు, ప్రతి ఏడాదీ.

అందుకే పీటీఏ డబ్బుతో, గ్రాంటుతో మనుషుల్ని పెట్టొద్దని నేను గట్టిగా చెప్తాను. గ్రాంటు అయిపోయిన ఏడాది ఆ మనిషి వెళ్లిపోతారు, గోడ మీద బోర్డు మిగులుతుంది. పైగా మన పీటీఏ అంత డబ్బు తేగలదు కాబట్టి మన పిల్లలకు దక్కి, నాలుగు మైళ్ల అవతల అపార్ట్‌మెంట్లలో ఉండే పిల్లలకు దక్కకపోతే అది ప్రభుత్వ బడి చేయాల్సిన పని కాదు. విరాళాలు పుస్తకాలకు, టీచర్ల శిక్షణకు వాడండి. జీతాలు డిస్ట్రిక్ట్ బడ్జెట్ నుంచే రావాలి.

ఆ బడ్జెట్ కూడా బిగుతుగానే ఉంది. పిల్లవాడికి ఇంత అని టెక్సస్ లెక్కగట్టే బేసిక్ అలాట్‌మెంట్ 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. 2025లో 55 డాలర్లు పెంచారు. టీచర్ల జీతాలకు వేరే పద్దు కింద ఇచ్చారు, అది నిజమే. కానీ ఆ 55ని మన 600 మందితో గుణిస్తే 33,000. ఒక కోఆర్డినేటర్ జీతంలో సగం కూడా రాదు. ప్లేనో లాంటి డిస్ట్రిక్టులైతే ఇక్కడ వసూలైన ఇంటి పన్నులో కొంత రాష్ట్రానికి కూడా కట్టాలి.

ఇక్కడ మనవాళ్లకు ముఖ్యంగా చెప్పాల్సింది ఒకటుంది. టెక్సస్ ఆ డబ్బును స్కూల్లో పేరున్న పిల్లల లెక్కన ఇవ్వదు, రోజూ హాజరైన పిల్లల లెక్కన ఇస్తుంది. డిసెంబరు సెలవులకు ఇండియా వెళ్లి, సంక్రాంతి కూడా చూసుకుని వద్దామని మరో మూడు వారాలు ఉంటే, సుమారుగా రోజుకు 35 డాలర్ల చొప్పున బడికి 500 పైనే తగ్గుతుంది. ఇందాక చెప్పిన 250కి ఇది రెట్టింపు. తాతయ్య, అమ్మమ్మల దగ్గరికి వెళ్లొద్దని నేను అనను. వేసవిలో వెళ్లగలిగితే వెళ్లండి.

ఇక చివరి సంగతి. "మాకు ఓటు లేదు కదండీ, హెచ్1బీ మీద ఉన్నాం" అంటారు చాలామంది. ఇల్లు కొనుక్కుంటే పన్ను కడుతున్నారు, అద్దెకుంటే అద్దెలో కలిపి కడుతున్నారు. 2019లో వచ్చిన చట్టం ప్రకారం, టెక్సస్‌లో స్కూల్ బోర్డు సమావేశం అజెండాలో ఉన్న అంశం మీద ఎవరైనా మాట్లాడొచ్చు. పౌరసత్వం అడగరు. ప్రతి స్కూలుకూ ఒక క్యాంపస్ కమిటీ ఉంటుంది, అందులో తల్లిదండ్రులకు చోటుంటుంది. ఆ కుర్చీల్లో మనవాళ్లు నాకు ఎక్కువ కనబడటం లేదు. దయచేసి రండి.

డిస్ట్రిక్టులు కొన్ని జూన్ చివరికి, కొన్ని ఆగస్టు చివరికి బడ్జెట్ ఆమోదిస్తాయి. దానికి ముందు బహిరంగ విచారణ ఉంటుంది. మీకు దొరికేది రెండు మూడు నిమిషాలే కాబట్టి ఐబీ గొప్పదనం గురించి చెప్పకండి. "మా స్కూల్లో టీచర్లు కలిసి కూర్చోవడానికి వారానికి ఒక గంట ఎక్కువ ఇవ్వాలంటే ఎంతవుతుంది? ఈ బడ్జెట్‌లో అది ఏ పద్దులో ఉంది?" అని అడగండి. పేరు ముందుగా నమోదు చేసుకోవాలి, గడువు డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఏం మాట్లాడాలో రాసుకోవడానికి సాయం కావాల్సినవాళ్లు ఇప్పుడే ఈ బల్ల దగ్గరికి రండి, కూర్చుని రాద్దాం.