శ్రీబాగ్ ఇంటి యజమాని

శ్రోతలకు నమస్కారం. తిరుపతిలో, చిత్తూరులో నీళ్ళ మాటో రాజధాని మాటో వస్తే కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక పేరు వినబడుతుంది. శ్రీబాగ్ ఊరు కాదు, మద్రాసు మైలాపూరులోని ఒక ఇల్లు. యజమాని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఇటు ఆంధ్రపత్రిక అధిపతి, అటు ఆంధ్ర కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన నాయకుడు.

1867లో కృష్ణా జిల్లాలో పుట్టారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, పాటకచ్చేరీల్లో ఉచితంగా పంచి అలవాటు చేశారు. అక్కడే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది. 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రిక అయింది. ఆనాటి తెలుగు దినపత్రిక పనేమిటో చూడండి. తంతివార్తలు ఇంగ్లీషులో వస్తాయి, తెనిగించాలి. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే చేత్తో పేర్చాలి. గుణింతాలూ వత్తులూ ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషుకన్నా ఎన్నో రెట్లు దిమ్మలు కావాలి. ఒక్క వత్తు తప్పితే మాటే మారిపోతుంది, ప్రూఫు దిద్దక తప్పదు. ఇంతా చేసి రైలు తప్పితే జిల్లాలకు చేరేది పాత వార్తే. అమ్మకం తగ్గినా కాగితం, జీతాల ఖర్చు తగ్గదు. ఆ భారాన్ని మోసింది అమృతాంజనం రాబడి. 1924లో భారతి మాసపత్రిక కూడా పెట్టారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు.

ఇక ఒడంబడిక. ఆంధ్ర రాష్ట్రం వస్తే కోస్తా పెత్తనమే అవుతుందని సీమ నాయకులకు భయం. ఆ భయం న్యాయమైనదే. 1937 నవంబరు 16న రెండు ప్రాంతాల వారూ పంతులుగారి ఇంట్లో కూర్చుని సంతకాలు చేశారు. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళలో పదేళ్ళపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువకాలం, రాయలసీమకూ నెల్లూరుకూ ముందు వాటా. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో కోరుకునే హక్కు సీమది.

లోపం ఎక్కడంటే, నీళ్ళు ఎంత అన్న కొలత అందులో లేదు. అది పెద్దమనుషుల మాటే, చట్టం కాదు. మాట తప్పితే అడిగే చోటు లేదు. పంతులుగారు 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు, సంతకాలై అయిదు నెలలైనా నిండలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది, 1954లో హైకోర్టు గుంటూరులో ఏర్పడింది. 1956 నవంబరు 1న రాజధాని, అదే నెలలో హైకోర్టు హైదరాబాదుకు మారాయి. సీమ కోరుకున్న రాజధాని సీమలో ఉన్నది మూడేళ్ళ ఒక నెల.