సుంకి ఘాటీ ఎక్కే చిన్న కారు: వదినతో టియాగో ముచ్చట

మరిది: నమస్కారం. ఒడిశాలోని జయపురం నుంచి మాట్లాడుతున్నాం. మధ్యమధ్యలో వినిపించేది రేకుల మీద వాన, ఏమీ అనుకోకండి. ఈరోజు మాతో మా వదిన ఉన్నారు, టీచరు. 2020 చివర్లో టాటా వాళ్ల టియాగో కారు కొన్నారు. అప్పటినుంచి రోజూ కోరాపుట్‌లో బడికి, నెలకోసారి సాలూరులో పుట్టింటికి అదే బండి. నేనిప్పుడు చిన్న కారు కొందామని చూస్తున్నాను. వదినా, ముందు ఇది చెప్పండి. కొత్త ముఖం వచ్చిందని ఆ మోడల్ తీసుకున్నారా?

వదిన: ముఖం చూసి కాదయ్యా. టియాగో 2016లో వచ్చింది. 2020 జనవరిలో దాని గ్రిల్, బంపర్, లైట్లు మార్చారు. షోరూంలో వాళ్లు చూపించేది అదే. నాకు కావలసింది లోపల మారింది. డీజిల్ ఇంజన్ తీసేసి, పెట్రోల్ ఇంజన్‌ను బీఎస్6, అంటే పొగ కాలుష్యం మీద వచ్చిన కొత్త రూలుకి తగ్గట్టు చేశారు. అన్నిటికంటే కింది వేరియంట్‌లో కూడా ముందు రెండు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పెట్టారు. అప్పటికి పక్క సీటుకి ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరన్న రూలు ఇంకా రాలేదు. మీ అన్నయ్య కూర్చునేది పక్క సీట్లోనే కదా. ఆయనకి లేకుండా నాకొక్కదానికి ఎందుకు?

మరిది: భద్రతలో నాలుగు స్టార్లు కూడా వచ్చాయిగా.

వదిన: వచ్చాయి. కార్లని గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ టెస్టులో పెద్దవాళ్ల రక్షణకి నాలుగు, పిల్లల రక్షణకి మూడు. కానీ అది పాత పద్ధతి టెస్టు, గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ముందు నుంచి గుద్దించి చూసేది. 2022 నుంచి పక్క నుంచి గుద్దడం, బండి జారిపోకుండా పట్టే ఈఎస్‌సీ ఉందా లేదా అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. అప్పటి నాలుగుని, ఇప్పటి నాలుగుని ఒకే తక్కెడలో వెయ్యకు. పిల్లలకి మూడే అన్న సంగతి కూడా మర్చిపోకు, నీకిద్దరు.

మరిది: సరే, అసలు విషయానికి వద్దాం. సాలూరు నుంచి కోరాపుట్ వైపు ఎక్కే కొండదారి, సుంకి ఘాటీ.

వదిన: అక్కడే తెలుస్తుంది ఏ బండైనా. సాలూరు దాటి ఎక్కుడు మొదలయ్యాక ముందు ఒక లోడు లారీ ఉంటుంది, దాని వెనక బస్సు, మన బండిలో నలుగురం, డిక్కీలో అమ్మ కట్టిచ్చిన బియ్యం బస్తా, కొబ్బరికాయలు. టియాగోది 1.2 లీటర్ల ఇంజన్, మూడు సిలిండర్లు, శక్తి 86 పీఎస్. లాగే బలం 113 ఎన్ఎం. అది ఇంజన్ నిమిషానికి 3300 చుట్లు తిరిగేటప్పుడు అందుతుంది. అంతకంటే బాగా తక్కువలో ఉంటే బండి మూలుగుతుంది. చాలామంది పెట్రోల్ ఆదా అని మూడో గేరులోనే ఈడుస్తారు. లారీని దాటబోయేసరికి బలం చాలదు, ఎదురుగా ఇంకో బండి వస్తుంది. మలుపు రాకముందే రెండో గేరు వేసుకోవాలి. చప్పుడు పెరుగుతుంది, పెరగనీ. అది ఇంజన్ పని చేస్తున్న చప్పుడు.

మరిది: దిగేటప్పుడు?

వదిన: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి. ఈ మాట మా నాన్న చెప్పారు, ఆయన ముప్పై ఏళ్లు ఈ దారిలో లారీ నడిపారు. మొదటి వానాకాలం నేను మూడో గేరులో బ్రేకు తొక్కుతూ తొక్కుతూ దిగాను. కిందికొచ్చేసరికి చక్రాల దగ్గర కాలిన వాసన. ముందు చక్రాలకి డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ ఉన్నా వేడెక్కితే ఏ బ్రేకైనా పట్టు వదిలేస్తుంది. ఆ రోజు రామభద్రపురం దాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అందుకే చెబుతున్నాను, కారు చూసినంత శ్రద్ధగా నీ కాలుని కూడా చూసుకో.

మరిది: మైలేజీ ఎంతొస్తుంది?

వదిన: నా చేతిలో ఘాటీ రోజుల్లో 14, 15. విజయనగరం వైపు చదును రోడ్డు మీద 19 దాకా. ట్యాంకు 35 లీటర్లు.

మరిది: సీఎన్‌జీ తీసుకుంటే ఖర్చు తగ్గదా? ఆటో వాళ్లందరూ అదే అంటున్నారు.

వదిన: ఊళ్లో తిరగడానికైతే మంచిదే. కానీ సీఎన్‌జీ మీద ఇదే ఇంజన్ 73 పీఎస్, 95 ఎన్ఎం ఇస్తుంది. నిండా మనుషులతో సుంకి ఎక్కేటప్పుడు ఆ తేడా కాలి కింద తెలుస్తుంది. డిక్కీలో సగం గ్యాస్ సిలిండర్లకే పోతుంది. పైగా నువ్వు వెళ్లే దారుల్లో బంకులెక్కడున్నాయో ముందు చూసుకో. నేనైతే మన కొండలకి పెట్రోలే అంటాను.

మరిది: రెనో వాళ్ల క్విడ్ కూడా చూశాను వదినా. తక్కువలో వస్తోంది.

వదిన: క్విడ్ నేల నుంచి 184 మిల్లీమీటర్ల ఎత్తు, టియాగో 170. డిక్కీ కూడా దానిదే పెద్దది, 279 లీటర్లు. టియాగోది 242. మీ పొలం దారి గోతులకి అది బాగానే సరిపోతుంది. కానీ రోజూ ఘాటీ ఎక్కి దిగేదాన్ని నేను. మలుపులో బండి నేలని పట్టుకుని ఉండాలి. టియాగో బరువుగా, కుదురుగా ఉంటుంది. ఆ కుదురు కోసం డిక్కీ వదులుకున్నాను. మూడు సిలిండర్ల అదురు స్టీరింగ్‌లో ఉంటుంది, నిజమే. సిగ్నల్ దగ్గర ఆగితే తెలుస్తుంది. మన దగ్గర సిగ్నళ్లెన్నని?

మరిది: 2020 జనవరిలో ఆ మోడల్ వచ్చినప్పుడు ధర 4.60 లక్షల నుంచి మొదలు కదా, ఎక్స్‌షోరూం.

వదిన: అవును. ఇప్పుడు కొత్తది కొనేవాళ్లకి ఒక మంచి జరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 1200 సీసీ లోపు, నాలుగు మీటర్ల లోపు పొడవు ఉండాలి. టియాగో 1199 సీసీ, మీటర్లలో 3.77 కూడా లేదు. రెండిట్లోనూ సరిపోయింది.

మరిది: విశాఖలో మంచి సెకండ్ హ్యాండ్ ఉంది, తెచ్చేయమంటున్నాడు మా స్నేహితుడు.

వదిన: ఇక్కడ చాలామంది దెబ్బతింటున్నారు, శ్రద్ధగా విను. ఆంధ్ర బండిని ఇక్కడ ఉంచుకోవాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం తేవాలి, 12 నెలలు దాటకుండా మన కోరాపుట్ జిల్లా ఓడీ-10 నంబరు వేయించాలి, ఒడిశా రోడ్డు ట్యాక్సు మళ్లీ కట్టాలి. అక్కడ కట్టిన ట్యాక్సులో మిగిలింది వాపసు అడగొచ్చు. కానీ దానికి అర్జీ పెట్టుకుని తిరగాలి, అది పాత ఓనరు సంతకంతో ముడిపడిన పని. బేరంలోనే ఈ ఖర్చు తీసేసి లెక్క వెయ్యి. లోను మీద ఉన్న బండైతే బ్యాంకు కాగితం లేకుండా డబ్బు చేతిలో పెట్టకు.

మరిది: మరి 2019 బండా, 2020దా ఎలా తెలుస్తుంది?

వదిన: ఆర్సీ చూడు, తయారైన నెల ఉంటుంది, బీఎస్6 అనీ ఉంటుంది. ముందు బంపర్ మార్చేసి కొత్త ముఖం అని చెప్పేవాళ్లూ ఉండొచ్చు. పక్క సీటు ముందు డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉందా చూడు. అది లేకపోతే నాకు ఫోన్ చెయ్యి, అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్యి.

మరిది: టెస్ట్ డ్రైవ్ ఎక్కడ చెయ్యమంటారు?

వదిన: షోరూం చుట్టూ తిప్పితే ఏ బండైనా వెన్నలా ఉంటుంది. మీ ఆవిడని, పిల్లల్ని, అత్తయ్యని కూర్చోబెట్టుకో. అత్తయ్యకి మోకాళ్లు నొప్పి, వెనక సీట్లోకి ఎక్కి దిగడం చూడు. ఏసీ వేసి, ఆగిన చోట నుంచి ఎక్కుడులో కదిలించు. హ్యాండ్ బ్రేకు పట్టి, క్లచ్ వదిలి, వెనక్కి జారకుండా.

మరిది: ఆదివారం కోరాపుట్ ఘాటీలో. మీరూ రండి వదినా.

వదిన: వస్తాను. బయల్దేరే ముందు టైర్లలో గాలి నింపించు, స్టెప్నీలో కూడా.