నైరోబీ మ్యూజియంలో తుర్కానా కుర్రాడు

హాయ్ అండి, అందరూ బాగున్నారా? కెన్యా అనగానే మనవాళ్ళకి మసాయి మారా, సింహాలే గుర్తొస్తాయి. ఇవాళ సింహాల జోలికి పోవట్లేదు. మ్యూజియం హిల్‌లో ఉన్న నైరోబీ నేషనల్ మ్యూజియంకి వచ్చాం. ఇక్కడ ఉంటున్నవాళ్ళు ఏలియన్ కార్డు (విదేశీయులకి ఇక్కడ ఇచ్చే గుర్తింపు కార్డు) మర్చిపోకండి, అది చూపించకపోతే టూరిస్టు రేటు పడుతుంది.

ప్రాంగణంలో ఈ పెద్ద ఏనుగు బొమ్మ చూశారా? పేరు అహ్మద్. మార్సబిట్ అడవిలో తిరిగేది. ఆ దంతాలకి వేటగాళ్ళు ఎక్కడ చంపేస్తారోనని అప్పటి ప్రెసిడెంట్ జోమో కెన్యాట్టా ఏకంగా కాపలా పెట్టించాడు. 1974లో దాని మానాన అదే పోయింది. సరే, పక్షుల హాలు మావారికి వదిలేసి, నేనూ మావాడూ నేరుగా మనిషి పుట్టుక గ్యాలరీకి వచ్చేశాం.

ఇదిగోండి తుర్కానా బాయ్ అస్థిపంజరం. దాదాపు 15, 16 లక్షల ఏళ్ళ కిందటివాడు, హోమో ఎరెక్టస్ అనే మనకంటే ముందటి మనిషి జాతి. చేతివేళ్ళు, పాదాల ఎముకలు చాలావరకు దొరకలేదు గానీ, అంత పాతకాలం మనిషి ఇంత నిండుగా దొరకడమే గొప్ప. ఎముకలు చూస్తే 12, 13 ఏళ్ళవాడిలా ఉన్నాడట. పంటి లోపల చెట్టు మానులో వలయాల్లా పొరలుంటాయి కదా, అవి లెక్కపెడితే 8 ఏళ్ళు దాటాయంతే! అప్పటికే ఎత్తు సుమారు 160 సెంటీమీటర్లు. నాకంటే పొడుగు. మావాడికీ ఎనిమిదే, ఇంకా నా భుజం దాకా కూడా రాలేదు. "అమ్మా, వాడేం తినేవాడు?" అంటాడు. రోజూ పాలు తాగేవాడు నాన్నా అని అబద్ధం చెప్పేద్దామనుకున్నా.

కింది దవడ దగ్గర జూమ్ చేస్తున్నా, చూడండి. పాల పన్ను ఊడిన చోట చీము పట్టిన గుర్తులున్నాయట. ఆ ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి చనిపోయి ఉంటాడని కొందరు సైంటిస్టుల ఊహ. అందరూ ఒప్పుకోరు. ఈ మధ్యే మావాడికీ పన్ను ఊడింది. ఇది విన్నాక ఆ ఖాళీని నాలుకతో తడుముకుంటూనే ఉన్నాడు.

అసలు నాకు చెప్పాలనిపించింది దీన్ని కనిపెట్టినాయన గురించి. పేరు కమోయా కిమేయు, కెన్యా ఆయనే. ఆదిమానవుల ఎముకల కోసం తవ్వే సైంటిస్టులు లీకీ కుటుంబం, వాళ్ళ తవ్వకాల్లో కూలీగా చేరాడు. 1984లో తుర్కానా సరస్సు పడమటి వైపు, నారియోకొటొమే అనే ఎండిపోయిన ఏరు దగ్గర క్యాంపు. సెలవు రోజున అందరూ నడుం వాలిస్తే ఈయన నడకకి పోయాడు. నల్ల రాళ్ళ మధ్య అగ్గిపెట్టంత పుర్రె ముక్క కనిపించింది. రాయిదీ దానిదీ ఇంచుమించు ఒకటే రంగు! మనమైతే తొక్కుకుంటూ వెళ్ళిపోతాం. మరుసటి ఏడాది అమెరికాలో అప్పటి ప్రెసిడెంట్ రీగన్ చేతుల మీదుగా మెడల్ అందుకున్నాడు. ఒక పాతకాలపు వానర జాతికి కమోయాపిథెకస్ అని ఆయన పేరే పెట్టారు. 2022లో పోయాడు.

బయట లూయీ లీకీ విగ్రహం ఉంది, చేతిలో రాతిగొడ్డలితో. పక్కనే కమోయాది కూడా ఒకటి నిలబెట్టాలని నేనైతే గట్టిగా అంటాను. లీకీల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి.

ఇక పక్కనే స్నేక్ పార్క్. నాకు పాములంటే చచ్చేంత భయం. కెమెరా మావారికిచ్చేస్తున్నా, మిగతాది ఆయనే చూపిస్తారు. వణికితే నన్ననకండి.