ఆరేళ్లు ఆగి కొన్న గేమ్ ఇలా ఉంటే ఎవర్ని అడగాలి?

(స్క్రీన్: చీకటి కారిడార్, ఆరిపోతూ వెలుగుతున్న లైట్లు, గురిపెట్టిన తుపాకీ)

2011లో అమెరికాలో జరిగిన ఇ3 అనే గేమ్‌ల ప్రదర్శనలో చూపించిన ఏలియన్స్: కలోనియల్ మెరైన్స్ డెమో ఇది. గోడ మీద ఆ నీడ ఎలా పాకుతోందో చూడండి.

(స్క్రీన్: అమ్మిన గేమ్‌లోని దృశ్యం)

ఇది 2013 ఫిబ్రవరి 12న డబ్బులు తీసుకుని మన చేతిలో పెట్టిన గేమ్. లైటింగ్ చప్పబడిపోయింది. ఏలియన్ తిన్నగా పరిగెత్తుకొచ్చి తుపాకీకి ఎదురుగా నిలబడుతోంది.

అందరికీ నమస్తే. మన వైజాగ్‌లో, ద్వారకానగర్‌లో పాత డిస్కులు అమ్మే షాపు దగ్గర ఈ గేమ్ పేరెత్తితే ఇప్పటికీ వాదనే. ఒకరు పబ్లిషర్ని తిడతారు, ఒకరు స్టూడియోని తిడతారు, ఇంకొకరు "సినిమా పేరుతో వచ్చే గేములన్నీ ఇంతే" అని తేల్చేస్తారు. ఈ మూడో మాట నేను ఒప్పుకోను. 2014 అక్టోబర్‌లో ఏలియన్: ఐసొలేషన్ వచ్చింది. లైసెన్సూ అదే, పబ్లిషరూ అదే సెగా. ఇంగ్లండ్‌లోని క్రియేటివ్ అసెంబ్లీ చేసిన ఆ గేమ్‌లో ఒక్క ఏలియన్ వెంటపడుతుంటే బీరువాలో దాక్కుని ఊపిరి బిగబట్టాల్సిందే. కాబట్టి తప్పు లైసెన్సుది కాదు.

మరి ఎక్కడ చెడింది?

2006 డిసెంబర్‌లో సెగా ట్వంటియత్ సెంచురీ ఫాక్స్ నుంచి హక్కులు తీసుకుంది. గేమ్ తయారుచేసే పని టెక్సస్‌లోని గేర్‌బాక్స్ స్టూడియోకి ఇచ్చింది. 1986 నాటి 'ఏలియన్స్' సినిమాకి కొనసాగింపు కథ అన్నారు, అభిమానులు ఆశగా చూశారు. ఏళ్లు గడిచాయి. ఈలోగా గేర్‌బాక్స్ నుంచి 2009లో బోర్డర్‌ల్యాండ్స్ అనే గేమ్, 2012లో దాని రెండో భాగం వచ్చేశాయి. మెరైన్స్ పని మాత్రం టైమ్‌గేట్ లాంటి వేరే స్టూడియోలకు కూడా చేరింది. గాజువాక వైపు వాళ్లకి ఇది కొత్త కాదు: స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు ఒకరి పేరు మీద ఉంటుంది, ఎండలో పనిచేసేది సబ్ కాంట్రాక్టర్ మనుషులు.

(స్క్రీన్: సెట్టింగ్స్ ఫైల్‌లో ఒక లైను, ఒక అక్షరం చుట్టూ ఎర్ర గీత)

ఇక్కడ కాస్త ఆగుదాం. గేమ్‌తో వచ్చే ఈ ఫైల్‌లో 'టెదర్' అనే మాట స్పెల్లింగులో ఒక 'ఎ' ఎక్కువ పడింది. దాంతో ఏలియన్లను చుట్టుపక్కల దారులతో కలిపే ఆదేశం పనిచేయలేదు. ఒక మాడర్, అంటే గేమ్ ఫైళ్లని సొంతంగా మార్చి చూసే అభిమాని, దీన్ని పట్టుకున్నాడు, 2018లో అందరికీ తెలిసింది. ఆ అక్షరం తీసేస్తే ఏలియన్లు చెల్లాచెదురై పక్కనుంచి వచ్చి మీద పడుతున్నాయి.

టైప్ చేసినవాడిని తిట్టాలనిపిస్తుంది. నేను తిట్టను. అక్షరం ఎవరి చేతిలోనైనా జారుతుంది. దాన్ని పట్టుకోవడానికి టైమ్ కావాలి, ఆ టైమ్ ఇవ్వాల్సింది డేట్ పెట్టేవాళ్లు. మధురవాడ, రుషికొండ ఆఫీసుల్లో రిలీజ్ టెన్షన్‌తో రాత్రుళ్లు కూర్చునేవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు.

గేమ్ బాగోకపోవడాన్నైనా నేను క్షమిస్తాను. కష్టపడీ చెడిన పనులుంటాయి. కానీ లేనిది చూపించి అమ్మడం వేరు. బ్రిటన్‌లో ప్రకటనల నియంత్రణ సంస్థ అడిగితే, ట్రైలర్లు అసలు గేమ్‌ని సరిగ్గా చూపించలేదని సెగా ఒప్పుకుంది. 2013 ఏప్రిల్‌లో అమెరికాలో సెగా మీదా గేర్‌బాక్స్ మీదా కేసు పడింది. రిలీజ్ రోజు దాకా రివ్యూలు బయటికి రానివ్వలేదన్నది కూడా అందులో ఒక ఫిర్యాదు. అంటే ముందే బుక్ చేసుకున్నవాళ్ల చేతిలో ఉన్న ఆధారం ఆ డెమో, ఆ ట్రైలర్లే!

నా వరకూ నింద ఈ ఇద్దరిదే. ముందు గేర్‌బాక్స్‌ది, ఎందుకంటే పేరు వాళ్లది, ఆ డెమోకి, తయారవుతున్న గేమ్‌కి మధ్య తేడా వాళ్ల కళ్ల ముందే ఉంది. సెగా కూడా తక్కువేం కాదు, ఆ డెమో చూపించి డబ్బు తీసుకుంది వాళ్లే. "ఎందుకు ఆశపడ్డారు" అని కొన్నవాళ్లనే వెక్కిరించడం మాత్రం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

సెగా 12.5 లక్షల డాలర్లకు రాజీకి ఒప్పుకుంది. గేర్‌బాక్స్ 2015లో కేసు నుంచి బయటపడింది. టైమ్‌గేట్ అయితే 2013లోనే, గేమ్ వచ్చిన కొన్ని నెలలకే మూతపడింది.

పీసీలో ఈ గేమ్ ఉన్నవాళ్ల కోసం, ఆ ఒక్క అక్షరం ఎలా తీసేయాలో కింద డిస్క్రిప్షన్‌లో రాశాను. ఫైల్ మార్చేముందు ఒక కాపీ దాచుకోండి.